తాబేలు ఎక్కిన కొండ

ఆ దర్జీని స్నేహితులు తాబేలు అంటారు. పగలంతా మిషను తొక్కిన కాళ్లతోనే, సాయంత్రం కొండ ఎక్కే సాధన కోసం బరువైన పాత ఇస్త్రీపెట్టెను సంచిలో వేసుకుని, కొట్టున్న మేడ మెట్లు ఎక్కి దిగుతుంటాడు. ప్రతి చలికాలం నలుగురూ కలిసి ఒక కొండ ఎక్కుతారు. ఏటా కిందటేటికన్నా ఎత్తైనది. ఆఖరివాడు పైకి చేరేదాకా టీ ఫ్లాస్కు మూత తీయకూడదన్నది వాళ్ల కట్టుబాటు. ఆ ఆఖరివాడు ఎప్పుడూ ఇతనే. "రారా తాబేలూ, నీ పుణ్యమా అని టీ చల్లారిపోతోంది!" అని పైనుంచి అరుస్తుంటే, రొప్పుతూ, నవ్వుతూ ఎక్కుతాడు.

ఈసారి తీరా బయల్దేరే పొద్దున ఒకడి పిల్లకు జ్వరం, ఒకడికి డ్యూటీ, మూడోవాడు ఫోనే ఎత్తలేదు. "మీరు లేకపోతే నన్ను తిట్టేదెవర్రా?" అన్నాడు ఫోన్లో, నవ్వుతూనే. బూట్ల తాళ్లు విప్పాడు. మళ్లీ కట్టుకుని, అక్క టీ పోసిచ్చిన ఫ్లాస్కుతో ఒక్కడే వెళ్లాడు. శిఖరం దగ్గరపడుతుంటే పైనుంచి ఎవరూ అరవలేదు. మంచు పట్టిన రాతి మీద కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, పొద్దు వాలేదాకా తాను ఎక్కివచ్చిన దారినే చూశాడు.

ఇంటికొచ్చాక అక్క సంచి సర్దుతూ, "ఇదేంట్రా, పోసింది పోసినట్టే ఉంది? అంత చలిలో గుక్కెడైనా తాగలేదా?" అంది.

అతను వంగి బూట్ల తాళ్లు విప్పుతున్నాడు.

"అందరూ రాలేదుగా అక్కా."