చివరి పీరియడు చీపుళ్లు

ఆవిడకు చిన్నప్పుడు వాళ్లన్నయ్య పెట్టిన పేరు కిటికీ పంతులమ్మ. ఊరికే పెట్టలేదు లెండి. ఆవిడ చదివిన బళ్లో చివరి పీరియడు లెక్కలు. ఆ గంటలో మగపిల్లలు లోపల కూర్చుని లెక్కలు చేసేవాళ్లు, ఆడపిల్లలు వరండాలూ గదులూ ఊడ్చేవాళ్లు. ఎవరూ పెట్టిన నియమం కాదు, తాతలనాటి నుంచి అలా వస్తోందంతే. ఈవిడ మాత్రం కిటికీ కిందున్న కాస్త చోటునే ఊడ్చిందే ఊడుస్తూ, చెవి లోపల పడేసి లెక్కలు నేర్చుకుంది. "మీ అన్నకి వస్తే చాలదుటే, నీకెందుకే లెక్కలు?" అని వాళ్లమ్మ మొత్తుకున్నా వింటేనా! మొండిఘటం.

ఆ మొండిఘటమే లెక్కల టీచరై, చివరికి ఇంకో బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చింది. వచ్చి చూస్తే ఏముంది, ఇక్కడా అదే తంతు! పైగా స్టాఫ్‌రూములో "ఆడపిల్లలకు లెక్కలు బుర్రకెక్కవండీ" అని నిట్టూర్పులొకటి. ఎలా ఎక్కుతాయయ్యా, ఆ గంటంతా వాళ్ల చేతికి చీపురిస్తే? ఆవిడ వస్తూనే ఆ పద్ధతి ఎత్తిపారేసింది. ఊడ్చే పని పొద్దున్నే, ఆడా మగా వంతులవారీగా. లెక్కలు అందరికీ.

ఇంక చూస్కోండి గోల! మగపిల్లల చేత చీపురు పట్టిస్తోందనీ, ఆడమనిషికి బడి నడపడం చేతకాదనీ పై ఆఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. పంపించింది బడి కమిటీ వాళ్లే అయినా, వెనక నుంచి ఎగదోసింది ఈల మాస్టారు. అంటే డ్రిల్లు మాస్టారన్నమాట. నిద్రలో కూడా మెళ్లో ఈల తియ్యడని ప్రతీతి. ఆవిడ రాకపోయుంటే ఆ కుర్చీ తనదేనని ఆయన కడుపుమంట. తేల్చడానికి అధికారి వస్తున్నాడు. ఆయన ఒక్క మాట రాస్తే చాలు, ఆవిడ కుర్చీ దిగాలి, ఆడపిల్లలు మళ్లీ చీపుళ్లు పట్టాలి.

అధికారి వచ్చే రోజు పొద్దున ఇంట్లో భర్త సణిగాడు. "కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనే. ఆయనేం చెప్తే దానికి తలూపేసి వచ్చెయ్."

"మీరు ఊపండి, నాకు మెడనొప్పి," అందావిడ. అందే గానీ, కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచింది.

మధ్యాహ్నం బళ్లో ఆవిడ గదికి అధికారి వచ్చాడు. ఆవిడ లేచి నమస్కారం పెట్టింది. ఆయన చెమట తుడుచుకుంటూ ఎదుటి కుర్చీలో కూలబడి, "ముందు కాస్త టీ పడితేగానీ మాట రాదండీ" అన్నాడు, గదిలో ఎవరితోనూ కాకుండా. బళ్లో టీ పెట్టే ఆయమ్మ జ్వరమని రాలేదు. ఈవిడ చరచరా నడిచి స్టాఫ్‌రూములోకెళ్లి స్టవ్వు వెలిగించింది.

ఎవరు పొమ్మన్నారు తల్లీ నిన్ను? ఎవరూ పొమ్మనలేదు. కాళ్లు వాటంతటవే వెళ్లాయి. నీళ్లు తెర్లుతుండగా గోడ అవతల ఈల మాస్టారి నవ్వు వినిపించింది. ఆ నవ్వు తన కుర్చీ వైపు నుంచి వస్తోంది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది," అని నెత్తి కొట్టుకుంది.

ట్రే పట్టుకుని గుమ్మంలోకొచ్చేసరికి అంతా అయిపోవచ్చింది. మాస్టారు ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఈల బల్లమీద ఉంది.

"ఆడపిల్లలు గది ఊడిస్తే అరిగిపోతారా సార్? రేపు ఇళ్లల్లో చేసేదీ అదేగా!"

"అయితే పాత పద్ధతే మేలంటారు," అంటూ అధికారి పెన్ను మూత తీశాడు. ఆవిణ్ణి చూసి, "రండి మేడమ్. మీరు టీ పనిలో ఉన్నారని మేం మాట్లాడేసుకున్నాం," అన్నాడు.

ఆవిడ బల్ల చుట్టూ తిరిగొచ్చి ట్రే తిన్నగా ఈల మాస్టారి ముందుకు చాపింది.

"కాస్త పట్టుకోండి మాస్టారూ. జాగ్రత్త, కాలుతోంది."

పొగలు కక్కే కప్పులు ఒళ్లో పడతాయేమోనని ఆయన గభాల్న లేచి రెండు చేతులా అందుకున్నాడు. ఆవిడ కూర్చుంది.

"సార్‌కి ఇవ్వండి," అంది. తర్వాత అధికారి వైపు తిరిగింది. "పాత పద్ధతికి నేనొప్పుకోను సార్. కావాలంటే నన్ను దింపేసి పెట్టుకోండి. ఈ కుర్చీలో నేనున్నంతవరకు లెక్కల గంటలో ఏ పిల్లా చీపురు పట్టదు."

అధికారి తీరిగ్గా టీ ముగించాడు. ఇంతలో చివరి పీరియడు బెల్లు మోగింది.

"పదండి, ఆ లెక్కల గంటేదో చూశాకే రాస్తాను," అని లేచాడు.

వరండా మలుపు తిరిగారో లేదో, ఎదురుగా ఓ పిల్ల వంగి కిటికీ కింద ఊడుస్తోంది.

"పట్టదన్నారుగా!" ఖాళీ కప్పుల ట్రేతో వెనకే వస్తున్న ఈల మాస్టారు పకపకా నవ్వాడు. "చూశారా సార్?"

ఆవిడ ముఖం మాడిపోయింది. "ఎవరే నిన్ను లేవమంది?"

"ఎవరూ అనలేదు టీచర్." పిల్ల చీపురు వెనక్కి పెట్టుకుంది. "సార్ వస్తున్నారంటే, కాగితం ముక్కలున్నాయని... అలవాటుగా లేచేశాను."

తిట్టబోయిన మాట ఆవిడ నోట్లోనే ఆగిపోయింది. "ఇందాక నన్నూ ఎవరూ లేవమనలేదే," అంటూ ఆ చేతిలోంచి చీపురు తీసి గోడకానించింది. "పోయి కూర్చో. ఇకమీదట ఎవరో ఒకరు పిలిస్తేనే లే."

అధికారి తన చేతిలోని పెన్ను వైపు చూసుకున్నాడు.

"నాకు క్లాసుంది సార్," అని ఆవిడ లోపలికెళ్లిపోయింది. మగాళ్లిద్దరూ కిటికీ బయట నిలబడిపోయారు. కాసేపటికి అధికారి పెన్నుకు మూత పెట్టేశాడు.

"ఆ కప్పులు కడిగించే ఏర్పాటు చూడండి మాస్టారూ. మీ పాత పద్ధతి సంగతి ఇక మర్చిపోండి."

లోపల ఆవిడ బోర్డు మీద లెక్క వేసి, ఇందాకటి పిల్లను పేరు పెట్టి పిలిచింది. పిల్ల లేచింది.