మా బావ వేసిన అతుకు

పోయిన నెలలో మా చిన్నల్లుడు కొబ్బరి బోండాల వ్యాపారానికని ఒక పాత పికప్ వ్యాను కొనుక్కొచ్చి, మా ఇంటి ముందు ఆపి, ఒకసారి కింద చూసి చెప్పమంటే, అరవై దాటిన ఈ వయసులో మోకాళ్లు మొరాయిస్తున్నా వినకుండా గోనెసంచి పరుచుకుని దాని కిందికి దూరాను. బరువు మోసే కమానుకట్టను ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్టు ఉంటుంది కదా, బండంతా వెలిసిపోయి ఉంటే అదొక్కటే నల్లరంగుతో నిగనిగలాడుతోంది. అక్కడొక్కచోటే కొత్త రంగెందుకని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూస్తే, అది బెల్లంలోకి దిగినట్టు దిగిపోయి, ఎర్రటి తుప్పుపొడి నా కళ్లజోడు మీద రాలింది. "ఏటి మావయ్యా, బానే ఉందా?" అని అల్లుడు బయటనుంచి అడుగుతున్నాడు. ఆ తర్వాత పక్కవీధి వెల్డరును తోడు పిలిచి, రెండు రోజులు దగ్గరుండి ఆ బ్రాకెట్టు కోయించి కొత్తది వేయించాననుకోండి. కానీ ఆ కాసేపూ బండి కింద నేను చూస్తున్నది ముప్పయ్యైదేళ్ల కిందటి ఇంకో వ్యానుని.

మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. ఇంటర్మీడియెట్ తప్పి ఊళ్లో ఊరికే తిరుగుతున్న నన్ను, మా అప్ప, అంటే మా పెద్దక్క, తనతో సముద్రం దగ్గరి మల్కాపురం తీసుకొచ్చింది. బావకి అక్కడ రేకుల కప్పుతో చిన్న వెల్డింగు షెడ్డు, దాని వెనకే రెండు గదుల కాపురం. మొదటి ఆరు నెలలు నా చేత తుప్పు గోకించడం తప్ప ఇంకో పని చేయించలేదు ఆయన. తరవాత ఒకరోజు వెనక నిలబడి, నా మణికట్టు తన చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడి చేత అక్షరాలు దిద్దించినట్టు ఇనుము మీద మొదటి గీత గీయించాడు. వెల్డింగు గీత కూడా చేతిరాతలాంటిదేనని, ఎవరిది వాళ్లకే ఉంటుందని ఆయనే చెప్పాడు. ఆయన గీత ఎడమవైపు కొద్దిగా వంగి, చేపపొలుసుల్లా దగ్గరదగ్గరగా ఉండేది. ఎక్కడ చూసినా పోల్చుకునేవాణ్ణి, అందుకు గర్వపడేవాణ్ణి కూడా. మా నాన్న పోయాక నేను నాన్న అనుకున్నది ఆయన్నే.

ఆ వైపు కాపురమున్నవాళ్లకి తెలిసే ఉంటుంది, ఆరేసిన బట్టలు కూడా ఉప్పుగాలికి జిగటగా ఉంటాయి, కొన్న ఏడాదికే సైకిలు చక్రాలు ఎర్రబారతాయి. ఇక చేపల బళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోజంతా కిందికి కారి బ్రాకెట్లను తినేసేవి. దానికి మందు ఒక్కటే. ఛాసిస్ కింద జాకీ పెట్టి, కమానుకట్ట విప్పి, పుచ్చిన ఇనుమంతా గట్టి ఇనుము తగిలేదాకా కోసేసి, మందపాటి ప్లేటు వేసి అతకాలి. గట్టి ఇనుము తగలకుండా ఆపేస్తే ఆ అతుకు పేరుకే అతుకు. ఇది కూడా బావ చెప్పిందే.

భీమునిపట్నం నుంచి చేపలు తోలే ఒక దంపతులు మా దగ్గరికే వచ్చేవారు. భార్య బేరాలు చూసేది, భర్త వ్యాను నడిపేవాడు. నేను వాళ్లని పిన్నీ, బాబాయీ అని పిలిచేవాణ్ణి. పిన్ని వచ్చినప్పుడల్లా అప్పకి తాటాకు బుట్టలో ఎండుచేపలు తెచ్చేది. ఒకసారి వ్యాను వెనకభాగం ఒక పక్కకి ఒరుగుతోందని తెస్తే, చూసి, రెండు బ్రాకెట్లూ పూర్తిగా మార్చాలి, బండి రెండు రోజులు ఇక్కడే ఉంచండి, నా చేత్తో నేనే చేసి ఇస్తాను అని మాట ఇచ్చాను. సాయంత్రానికల్లా అమ్మకి జ్వరం ఎక్కువగా ఉందని కబురు వచ్చింది. బావకి బండి అప్పజెప్పి ఊరెళ్లాను. మూడో రోజు తిరిగొచ్చేసరికి వ్యాను లేదు, పనయిపోయింది, తీసుకెళ్లిపోయారు అన్నాడు. ఆయన మాట మీద అనుమానమన్నది నాకు ఊహకైనా రాలేదు.

నెల తిరగకుండానే, పట్టపగలు, సముద్రం పక్క మలుపులో ఆ వ్యాను పడిపోయింది. వెనక బ్రాకెట్టు ఊడి, చేపల బాక్సులన్నీ ఒక పక్కకి జరిగి, బండి బోల్తాపడి బాబాయి కుడికాలు దాని కింద నలిగింది. సంగతి తెలియగానే బస్సెక్కి వెళ్లాను. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, బండి రోడ్డు పక్క ఇసుకలో పడి ఉంది. వంగి చూశాను. పుచ్చిన ఇనుమును ఎవరూ కోయలేదు. దాని మీదే పల్చటి రేకు కప్పి, అంచులు అతికి, సందుల్లో లప్పం కూరి, నల్లరంగు పూసేశారు. రంగు రేగిపోయిన చోట ఆ గీత ఎడమవైపుకి వంగి, చేపపొలుసుల్లా దగ్గరదగ్గరగా ఉంది. దాని పొడవునా వేలితో తడిమి చూశాను. తరవాత తెలిసిందేమిటంటే, అదే రెండు రోజుల్లో ఒక పెద్ద లారీల యజమాని పని వచ్చి పడిందట, అది వదులుకోలేక దీన్ని ఒక పూటలో కానిచ్చేశాడట.

మర్నాడు పొద్దున్నే పిన్ని, తన అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని షెడ్డుకి వచ్చింది. నలుగురూ పోగయ్యారు. బావని నేనింకా ఏమీ అడగలేదు, ఎలా అడగాలో తెలియక రాత్రంతా మథనపడుతూనే ఉన్నాను. ఆయన నావైపు చూడకుండా, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, చాలా మామూలుగా అన్నాడు.

"ఆ పని సేసింది నాను కాదమ్మా. మా బావమరిది సేసాడు. కుర్రోడు, సూసుకోలేదు."

నేను ఊళ్లో లేనని ఒక్క మాటంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే అప్ప చంటిపిల్లని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది, నావైపు చూసింది. ఏమీ తెలియని పిచ్చిది, మొగుడి గుట్టు నలుగురిలో బయటపడితే తట్టుకోలేదు అనుకున్నాను. నోరు మూసుకున్నాను. పిన్ని తిట్టలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, "నీ సేత్తో సేత్తానన్నావు గదరా బాబూ" అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఆ నెలలోనే షెడ్డు వదిలేశాను. నా పేరు చెబితే ఆ చుట్టుపక్కల ఎవరూ పని ఇవ్వలేదు. చాలా రోజులు తిరిగి తిరిగి, ఉక్కు కర్మాగారంలో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా కుదిరి, ఉక్కునగరం పక్కన అద్దె గదిలో ఉంటూ షిఫ్టులు చేశాను. అక్కడ మేం అతికిన పైపులకి ఎక్స్‌రే తీసి చూసేవారు. నా అతుకు బాగుందన్నప్పుడల్లా ఆ ఫిల్ము పట్టుకెళ్లి పిన్నికి చూపించాలనిపించేది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మల్కాపురంలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాను. శుభకార్యాల్లో బావ ఎదురుపడితే కుశలం అడిగేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు, ఆ ఒక్క మాట మాత్రం బతికున్నంతకాలం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అప్ప కాపురం కోసం మింగానులే అనుకుంటే ఏదో తృప్తిగా ఉండేది. ఆ తృప్తి మీదే ఇన్నేళ్లూ బతికానంటే అతిశయోక్తి కాదు.

బావ పోయి నాలుగేళ్లయింది. కర్మకాండలన్నీ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లిపోయిన మధ్యాహ్నం అప్ప నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొంగు చివర నలుపుతూ చెప్పింది.

"ఆ రోజు నీ పేరు సెప్పమన్నది నానేరా. మీ బావ ఒప్పుకోలేదు, నానే ఒప్పించాను. నీకు అప్పటికి పెళ్లాం పిల్లల్లేరు, ఎక్కడైనా బతికేత్తావు. ఆయన పేరు పోతే ముగ్గురు పిల్లల్తో నానేటైపోతాను అనుకున్నాను."

అప్ప ఏడుస్తోంది. ఊరుకోబెట్టాల్సింది నేనే, అలవాటు కొద్దీ భుజం మీద చెయ్యి కూడా వేశాను. కానీ నా లోపల ఏదో తెగిపోయింది. బావ చేసింది ద్రోహమే, దాన్ని ఎప్పుడో ఒక మూలన పెట్టేశాను. నేను ఎవరి కోసం నోరు మూసుకున్నానో, ఆవిడే నా నోరు మూయించిందని తెలిశాక, అన్నేళ్ల నా మౌనం ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి చూసింది ఏమీ తెలియక కాదు, నేనేం చేస్తానోనని. అప్పతో రాకపోకలు ఇప్పటికీ ఉన్నాయి. కాఫీ ఇస్తే తాగుతాను. కళ్లలోకి మాత్రం చూడలేను.

ఆ వారమే భీమునిపట్నం బస్సెక్కాను. ఇక దాచాల్సిన అవసరం ఎవరి కోసమూ లేదు, నిజం చెప్పేద్దామని. బాబాయి పోయి చాలా కాలమయిందట. పిన్ని వీధి అరుగు మీద ఎండుచేపలు పెట్టుకుని కూర్చుంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసి, నేను చెప్పకుండానే పోల్చుకుంది.

"మల్కాపురం షెడ్డు కుర్రోడివి కాదేటి? ఎంత ముసిలోడివైపోనావు! కూసో. మా ఆయన కుంటుకుంటా తిరిగినన్నాళ్లూ నిన్ను ఒక్క మాట అన్లేదు బాబూ. నాను తిట్టబోతే ఊరుకోమనీవోడు. సెయ్యి తిరగని కుర్రోడు, కావాలని సేత్తాడేటి, అనీవోడు. నాను కూడా ఎప్పుడో వదిలీసాను. నువ్వు మనసులో ఎట్టుకోకు."

ఆ మనిషి చచ్చిపోయేదాకా నన్ను క్షమిస్తూనే ఉన్నాడు, నేను చేయని తప్పుకి. ఆ క్షమని ఇప్పుడు కాదని తిప్పి కొట్టేస్తే ఆయన మంచితనమంతా అనవసరంగా ఖర్చయిందని ఆవిడకి చెప్పినట్టవుతుందేమో అనిపించింది. తలవంచుకుని, సరే పిన్నీ అన్నాను. వచ్చేటప్పుడు నా చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టింది.

ఇప్పుడు ఆ షెడ్డు స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. బళ్లకి తుప్పుపట్టిన భాగం కోసి అతికే ఓపిక ఎవరికీ లేదు, మొత్తం తీసేసి కొత్తది బిగించేస్తారు. పెద్ద వర్క్‌షాపుల్లో అయితే ఏ పని ఎవరు చేశారో పేరుతో సహా కాగితం మీద అచ్చుగుద్ది ఇస్తున్నారు. అలాంటి కాగితం ఒక్కటి ఆనాడు ఉంటే బాగుండేదని మొదట్లో అనుకునేవాణ్ణి. ఉన్నా ఏం లాభం? ఇంటివాళ్ల మీద కాగితం బయటికి తీసే మనుషులం కాము మేమప్పుడు. ఈ రోజైతే ఒక్క క్షణం ఆలోచించకుండా తీసి నలుగురి ముందూ పెడతాను. ఈ ఊళ్లో, నా బతుకులో మారిపోయిన వాటన్నిట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది నాలో వచ్చిన ఈ మార్పే.