ఇద్దరూ కలిసి పలికే హాజరు

పిల్లలు చాటుగా ఆమెను గడియారం టీచర్ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా ఆమె పాటించిన నియమాల్లో ఒకటి. ఇరవై ఆరేళ్లుగా ఆ నాలుగో తరగతి గదిలో తొమ్మిదీ పదికి హాజరు మొదలయ్యేది. సంచులు గోడవారకు, నీళ్ల సీసాలు కిటికీ గట్టు మీదికి, ఆ తర్వాతే పుస్తకాలు బల్ల మీదికి. ఆమె గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. పాఠం చెప్పడంలో ఆమెను మించినవాళ్లు ఆ బడిలోనే ఉన్నారు. కాని తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిన చోట పిల్లలు బెదిరిపోరన్న ఒక్క సంగతిని ఆమె ఉడుంపట్టు పట్టింది.

ఆ గదిలో హాజరు తీరే వేరు. ఆమె బల్ల సంఖ్య పిలిచేది. బల్ల మీది ఇద్దరూ ఒక్క గొంతుతో "వచ్చాం" అనాలి. తోటి టీచర్లకు అదొక ముచ్చట. అసలు కారణం ఏడో బల్లలో కిటికీ వైపు కూర్చునే పిల్ల. ఆ పిల్లకు నత్తి. ఒంటరిగా పలకబోతే మొదటి అక్షరమే గొంతుకు అడ్డం పడేది. మరొకరితో కలిస్తే మాట సాఫీగా వచ్చేది. బడి తెరిచిన మొదటి వారంలోనే టీచర్ అది గమనించి, ఒక్కరి కోసమని తెలియకుండా తరగతి మొత్తానికీ పద్ధతి మార్చేసింది.

"పాత బడిలో 'నత్తి' అని పిలిచి పిలిచి మా పిల్ల అసలు పేరే మరిచిపోయారండీ. ఇక్కడ ఆ పేరు పడనివ్వకండి," అని ఆ పిల్ల తల్లి అడిగింది. టీచర్ మాట ఇచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఈలోగా టీచర్ కంటిలో పొర ముదిరింది. ఆపరేషన్‌కు వారం సెలవు పెట్టి, తరగతిని కొత్తగా చేరిన మాష్టారికి అప్పగించింది. అప్పగింతలన్నీ ఒక నోటు పుస్తకంలో పదకొండు పేజీలు రాసింది. మూడో పేజీలో, "హాజరు బల్లలవారీగా, ఇద్దరూ కలిసి పలకాలి," అని ఉంది. ఎందుకన్నది మాత్రం లేదు. కారణం రాస్తే ఆ పిల్లకు మళ్లీ ఆ పేరు రాసిచ్చినట్టేనని అప్పుడు అనుకుంది.

ఆపరేషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం మాష్టారు ఫోన్ చేశాడు.

"అంతా మీ పుస్తకం ప్రకారమే నడుస్తోంది మేడమ్. ఒక్క హాజరే రేపటి నుంచి సంఖ్యల వారీగా, ఒక్కొక్కరినే పిలుద్దామనుకుంటున్నా. ఇద్దరూ కలిసి అంటే రానివాడి బదులు పక్కవాడు పలికేస్తాడు కదా."

"అది మార్చకండి బాబూ."

"ఎందుకు మేడమ్?"

వెనక నుంచి నవ్వులు వినిపించాయి. స్టాఫ్ రూమ్‌లో అందరూ పలకరిస్తారని ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టానని అతడు చెప్పాడు. ఆమె నాలుక చివరి దాకా వచ్చిన జవాబు అక్కడే ఆగిపోయింది.

"అలవాటు," అంది.

"గడియారాన్ని ఎందుకు తిరుగుతున్నావని అడుగుతారా మాష్టారూ?" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. గంట మోగింది, ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం, తోడుండడానికి వచ్చిన అక్క చేత మూడుసార్లు ఫోన్ చేయించినా అతడు ఎత్తలేదు. మెసేజ్ పెడదామంటే ఒక కంటికి కట్టు, రెండో కంటికి అక్షరాలు ఆనవు. చెప్పి రాయిస్తే అక్కకు తెలుస్తుంది. ఇచ్చిన మాట ఒక పక్క, ఆ పిల్ల ఒక పక్క. రెండింటినీ కాపాడాలని కారణాన్ని దాచింది. కారణం లేని నియమం పరుల చేతిలో ఎంతసేపు నిలుస్తుందో మాత్రం ఆలోచించలేదు. ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు.

తెల్లవారి కట్టు విప్పి నల్లకళ్లద్దాలు పెట్టారు. ఆమె చీర మార్చుకోవడం చూసి అక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికే? డాక్టరు కదలొద్దన్నాడు. నువ్వు లేకపోతే ఆ బడి కూలిపోతుందా?"

"బడికేం కాదక్కా. ఏడో బల్ల."

"బల్ల విరిగితే వడ్రంగి ఉన్నాడు," అంటూనే అక్క చెప్పులు వేసుకుని చెయ్యి పట్టుకుంది.

బడి మెట్ల దగ్గరికి చేరేసరికే తొమ్మిదీ పన్నెండు. వరండాలో మాష్టారి గొంతు వినిపించింది. "పదకొండు." "పన్నెండు." ఒక్కొక్కరే "వచ్చాను" అంటున్నారు. "పదమూడు" అనగానే ఏడో బల్లలో రెండో పిల్ల, తరగతిలో అందరూ కబుర్లపోగు అనే పిల్ల, గట్టిగా పలికింది.

"పద్నాలుగు."

జవాబు లేదు.

"పద్నాలుగు. లేచి నిలబడు. నోట్లో బెల్లం ముక్క ఉందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "వ... వ..." అని గొంతు రెండుసార్లు గీరుకుని ఆగింది. టీచర్ గోడ పట్టుకుని రెండడుగులు వేసింది. మసకగా తలుపు కనిపిస్తోంది, దూరమెంతో అంతుపట్టలేదు.

అంతలో బల్ల కిర్రుమంది. "వచ్చాం మాష్టారూ." ఈసారి రెండు గొంతులు, రెండోది సగం నుంచి కలిసింది.

"నువ్విందాక చెప్పావుగా? నిన్నెవరు పిలిచారు?"

"ఒక్కదాన్నే చెబితే సగం బల్లే వచ్చినట్టుందండీ," అంది కబుర్లపోగు.

తరగతి నవ్వింది, ఆ నవ్వు ఇందాకటిది కాదు. కబుర్లపోగుకు అసలు కారణం ఎప్పటి నుంచి తెలుసో టీచర్ ఆ తర్వాత కూడా అడగలేదు.

మాష్టారు బయటికొచ్చి ఆమెను చూసి కంగారుపడ్డాడు. టీచర్ అక్కను దూరంగా కూర్చోమని, గొంతు తగ్గించి మూడు మాటల్లో చెప్పింది. అతడి ముఖం వాడిపోయింది.

"ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది కదా మేడమ్. నేను బెల్లం అన్నాను."

"రాస్తే ఆ పిల్ల కంటే ముందు ఆ ముక్క నడుస్తుంది బాబూ. రాయకపోతే ఇదిగో, ఇలా అయింది. తప్పు నాదే. ఆ పుస్తకం తీసుకురండి, నా కన్ను ఆనదు, మీరే రాయండి."

మూడో పేజీలో ఆ వాక్యం కింద ఆమె చెప్పింది అతడు రాశాడు: "దీన్ని మార్చే ముందు నన్ను అడగండి. ఒంటరిగా."

తర్వాత అతడు పేజీ తిప్పి, "నీళ్ల సీసాలు కిటికీ గట్టు మీదే ఎందుకు మేడమ్? దీని కింద కూడా రాయమంటారా?" అన్నాడు.

ఆమె గుర్తు చేసుకోబోయింది. అదీ ఏదో ఏడాది, ఏదో పిల్లవాడి కోసం మొదలుపెట్టిందే. ఎవరో, ఎందుకో గుర్తు రాలేదు.

"రాయండి," అంది.