పెదనాన్న చుట్టూ నిలబడ్డవాళ్లు

మా పెదనాన్న పోయాడు. జమ్మలమడుగు బస్టాండులో ఎదురైన వాళ్లంతా నన్ను అడిగింది ఒకటే: "బాంబులేసినారా పాపా, నరికినారా?" ఫ్యాక్షన్ నాయకుడికి రోగం వస్తుందని మా వైపు ఎవరూ అనుకోరు. ఆయన పోయింది మూత్రాశయం క్యాన్సరుతో.

పార్టీకి, పగవాళ్లకు ఆయన ఏమిటో నాకెందుకు? తండ్రి లేని నన్ను చదివించాడు. కర్నూలు హాస్టలుకు వస్తే ముందు నా చెప్పులు చూసేవాడు. తెగి ఉంటే మాట్లాడకుండా మనిషిని అంగడికి పంపేవాడు. "మనింట్లో కొడవలి పట్టనోళ్లు ఒకరన్నా ఉండల్ల" అనేవాడు. నేను క్యాన్సరు గడ్డల ముక్కలు పరీక్షించే డాక్టర్నయ్యాను. చివరికి ఆయన గడ్డ ముక్క కూడా నా చేతికే వచ్చింది.

పొద్దున్నే చెంబు పట్టుకొని చేనుగట్టుకు వెళ్లినా ఆయన చుట్టూ మనుషులు నిలబడాలి. వీపులు ఆయనకు, కళ్లు బయటికి. పగవాళ్లు అదను చూసేది అప్పుడే మరి. మూత్రంలో రక్తం పడుతున్న సంగతి అందుకే ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆ కాపలా మనుషులకు తెలిసింది.

"ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోతే ఎదుటోళ్లకు తెలుస్తాది. అన్న పనైపోయిందనుకుంటే ఊర్లో ఒక్కరం మిగలం" అన్నాడట వాళ్లలో ఒకడైన జీపు డ్రైవరు. పెదనాన్న సరేనన్నాడు. రోజూ ఆ ఎర్రటి తడి మీదికి డ్రైవరు చెప్పుకాలితో మట్టి తోసేవాడు. పెద్దమ్మకు కూడా చెప్పలేదు.

ఆస్పత్రికి వచ్చేసరికి గడ్డ కండరంలోకి దిగిపోయింది. మైక్రోస్కోపులో ఏం కనబడిందో చెప్పమన్నాడు.

"గడ్డ ఒగటే పెరగదు పెదనాన్నా. చుట్టూ ఉండేవి మంచి కణాలే, గాయం మాన్పేవి. గడ్డ వాటిని తనవైపు తిప్పుకుంటాది. ఇంక అవే దానికి మేత పెడతాయి, పక్కకు పాకేదానికి దావ చేస్తాయి, మందును గూడా అడ్డుకుంటాయి."

గుమ్మం దగ్గర డ్రైవరూ మిగతావాళ్లూ మాకు వీపులు పెట్టి కాపలా ఉన్నారు. పెదనాన్న వాళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"కంచే చేను మేసినట్లు" అన్నాడు. "వాళ్లనేమీ అనొద్దు పాపా. అట్ల నిలబెట్టింది నేనే."

ఆయన మాట మీద ఊరుకున్నాను గానీ వాళ్లను క్షమించలేదు. ముందే తెచ్చి ఉంటే బతికేవాడు.

చేలోనే పూడ్చారు. గుంట చుట్టూ వాళ్లు మళ్లీ అలాగే నిలబడ్డారు. చివరిసారి మొహం చూస్తానని పెద్దమ్మ ఏడుస్తుంటే డ్రైవరు, "ఏదో జీపు వస్తాంది, తొందరగా కానీండి" అన్నాడు. అందరం చేత్తో పిడికెడు మట్టి వేశాం. అతను మాత్రం రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, చెప్పుకాలితో మట్టి తోశాడు.