నారికురుపు కాలుతో శ్రీశైలం

శివరాత్రి మర్నాడు పొద్దున నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. ఇంట్లో తినడానికి కాదు, దోవకు. ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే మా ఊరి గుంపులో ఆ ఏడు మొదటిసారి నేనూ ఉన్నాను. పలచగా తట్టి ఎండబెట్టిన రొట్టెలు నెల దాటినా చెడవు. తడుతూ తడుతూ ఎడమకాలి చీలమండ గోక్కున్నాను. చెయ్యి తీస్తే మళ్లీ దురద. చూస్తే శెనగగింజంత పొక్కు, చుట్టూ ఎరుపు, లోపల నిప్పు పెట్టినట్టు మంట. పెనం తగిలిందేమో అనుకున్నాను. పెనం తగిలితే చేతికి తగలాలి గాని చీలమండకెందుకు తగులుతుంది? అంత ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఆలోచించడం ఇష్టం లేకపోయింది.

మాది కంబదూరు పక్కన చిన్న ఊరు. వాన పడితే సేద్యం, పడకపోతే కూలి. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

"మొక్కేముండాది మే సుంకమ్మా?" అని ఊరంతా అడిగింది. నాకు మొక్కేమీ లేదు. పిల్లలిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, మా ఆయన ఓబులేసు మంచివాడే. ఇంటికి, చేనికి, బావికి తప్ప నా కాళ్లు ఇంకో దోవ ఎరగవు. ఒక్కసారి, ఎవరూ పని చెప్పని దోవలో రెండు వందల మైళ్లు నడవాలనిపించింది, అంతే. ఆడది ఊరికే నడవాలనుకుంటే జనానికి మింగుడు పడదు. అందుకే "ఉండాదిలే, చెప్పకూడదు" అని తప్పించుకున్నాను.

నడిచేవాళ్లకు మా ఊర్లో ఒక పద్ధతి ఉండేది. శివరాత్రి నుంచి ఫాల్గుణ పున్నమి దాకా రోజూ తెల్లారగానే ఉత్తకాళ్లతో రాళ్ల మీద ఊరి చుట్టూ తిరగాలి. తర్వాత అందరూ దిగుడుబావి మెట్లు దిగి మోకాటిలోతు నీళ్లలో నిలబడాలి. రాయికి, చన్నీళ్లకు మార్చి మార్చి పెడితే అరికాళ్లు గట్టిపడతాయని నమ్మకం. దీనికి పెద్దమనిషి మల్లప్ప మామ, మా ఆయనకు వరసకు మేనమామ. పద్దెనిమిది సార్లు శ్రీశైలం నడిచినవాడు. ఆయన నిలబడమంటే నిలబడాల్సిందే. ఊరంతా తాగే నీళ్లు ఆ బావివే.

మూడో రోజు బావిలో నిలబడగానే పొక్కు చిట్లింది. మంట చల్లారి ప్రాణం లేచి వచ్చింది. పొక్కులోంచి పాలచుక్క లాంటిదేదో నీళ్లలో కలిసిపోయింది. హాయిగా ఉందని మరికొంతసేపు నిలబడ్డాను. ఆ హాయి గురించి తర్వాత చెప్తాను.

ఇంటికొచ్చి చూస్తే పుండులోంచి తెల్లటి దారం కొస తొంగి చూస్తోంది.

మల్లప్ప మామ వంగి చూశాడు. "నారికురుపు. యాడాది యాడాదీ ఎవురికో ఒగరికి వచ్చేదే. చీపురుపుల్లకు చుట్టుకో. రోజుకు వేలెడంత, అంతకు మించి లాగొద్దు. నారి తెగితే కాలు తెగినట్లే."

"పున్నమికి అయిపోతాదా మామా?"

"అది నా చేతిలో లేదు, నారి చేతిలో ఉండాది."

పుల్లకు చుట్టి, పైన గుడ్డ కట్టి, రోజుకు వేలెడు తిప్పాను. మిగతా గుంపుతో రాళ్ల మీద నడిచాను, బావిలోనూ నిలబడ్డాను. పున్నమి అయిదు రోజులుందనగా పుల్లకు మూరెడు చుట్టుంది, లోపల ఇంకెంత ఉందో ఆ శ్రీశైల మల్లయ్యకే తెలియాలి. రొట్టెలు ఎండిపోయాయి. శెనక్కాయల పొడి దంచి పెట్టాను. పిల్లల్ని చూసుకోవడానికి మా అమ్మ కూడా వచ్చింది. ఇంత చేసి ఒక దారప్పోగు కోసం ఆగాలా అని ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టి లాగాను.

తెగింది. కొస లోపలికి జారిపోయింది. నొప్పి కూడా లేదు. గెలిచాననుకుని ముంగిట్లో గంతు వేసినంత పని చేశాను.

మర్నాటికి చీలమండ కుండలా వాచింది. మూడో రోజుకు జ్వరం. పున్నమి నాడు గుంపు మా ఇంటి ముందునుంచే పోయింది. "హరహర మహాదేవ" అని కేకలు వినబడుతుంటే నేను నులకమంచం మీద పడి ఏడ్చాను. భక్తితో కాదు, కడుపుమంటతో.

మా ఆయన బండి కట్టించి కళ్యాణదుర్గం చేర్చి, అక్కడినుంచి బస్సులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు కోస్తా మనిషి. గుడ్డ విప్పి ముఖం చిట్లించాడు.

"ఎవరు లాగారమ్మా దీన్ని?"

"నేనే సార్."

"గినీ వార్మ్ ఇది. తెగిన ముక్క లోపలే చచ్చింది. మొత్తం సెప్టిక్ అయింది. ఆపరేషన్ చేసి చీము తీస్తాం, పెన్సిలిన్ ఇస్తాం. అప్పటికీ పైకి పాకితే మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు."

నా నోరు ఊరుకోలేదు. "నా కాలు సార్ అది. నన్ను అడక్కుండా తీసేది లేదు" అన్నాను. డాక్టరు కళ్లజోడు మీదుగా మా ఆయన వైపు చూశాడు. ఆయన నేల చూపులు చూస్తూ, "ఆయమ్మ అట్లే సార్" అన్నాడు.

కోసి గిన్నెడు చీము తీశారు. పూటపూటకూ ఇంజెక్షన్. రోజూ డ్రెస్సింగ్, పుండులో గాజుగుడ్డ దోపి మళ్లీ లాగడం. ఆ లాగేటప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రెండు వారాలకు జ్వరం తగ్గింది, ఇంటికి పోవచ్చన్నారు. పోయే రోజు పొద్దున పిక్కలో ఇంకో గడ్డ తేలింది. "ఇంకో యాబ్సెస్" అన్నాడు డాక్టరు. మళ్లీ కోత. ఆ రోజు మాత్రం నిజంగా భయపడ్డాను. కాలు పోతుందని, పిల్లలకు కుంటి తల్లి మిగులుతుందని గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ వార్డులో ఒక సిస్టర్ ఉండేది. బత్తలపల్లె వైపు మనిషి, చర్చికి పోయే ఇంటి పిల్ల. నా కంటే చిన్నదే గాని మాట కొరడా. మా ఆయన ఊరినుంచి చెంబుతో నీళ్లు తెచ్చేవాడు, పట్నం నీళ్లు నాకు సయించవని. ఒకరోజు ఆమె ఆ నీళ్లు గాజుగ్లాసులో పోసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"అక్కా, ఈడ సూడు. తెల్లగా చుక్కలు ఎగురుతాండాయి, కనపడతాండాయా?"

చూశాను. ఆవగింజలో పదోవంతు లేని చుక్కలు, కుప్పిగంతులు వేస్తున్నాయి.

"నారి ఉన్న కాలు నీళ్లలో పెడితే అది పిల్లల్ని ఇడుస్తాది. ఈ పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు మీరు తాగుతారు. యాడాదికి మీ కాల్లోనుంచి నారి వస్తాది. పోయిన ఏడు ఎవురో బాయిలో కాలు పెట్టినారు, నీకొచ్చింది. ఈ ఏడు నువ్వు పెట్టినావా?"

పాలచుక్క గుర్తొచ్చింది. ఆ హాయి గుర్తొచ్చింది. పది రోజులు నిలబడ్డాను నేను ఆ బావిలో. నా పిల్లలు తాగే నీళ్లలో. అవునని తల ఊపాను. సిస్టర్ నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఇంటికి పోయి నీళ్లు వడగట్టుకో. రెండు మడతల గుడ్డ సాలు. ఎప్పుడూ ఒకే పక్క పైకి ఉండల్ల. తిరగేసినావంటే పట్టిన పురుగులన్నీ మళ్లీ కుండలోనే" అంది. నేను మర్చిపోతానని తానే గుడ్డ అంచుకు ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసిచ్చింది. ఆ కుట్లు పైకి ఉండాలి.

ఏడు వారాలకు ఇంటికి పంపారు. డాక్టరు పాదాన్ని అటూ ఇటూ వంచబోయాడు. వంగలేదు.

"యాంకిల్ జాయింట్ స్టిఫ్ అయిపోయిందమ్మా. కాలు దక్కింది, సంతోషించు. ఇంట్లో పనులు చేసుకో. దూరాలు మాత్రం మర్చిపో."

"ఎంత దూరం వరకూ నడవొచ్చు సార్?"

"ఒక మైలు."

మిగతా నూటతొంభై తొమ్మిది మైళ్ల సంగతి ఆయన్ను అడగలేదు. నాకు నేనే చూసుకుందామనుకున్నాను.

సిస్టర్ చెప్పినట్టు రోజూ వేన్నీళ్లలో కాలు పెట్టి, అరికాలి కింద గాజుసీసా దొర్లించేదాన్ని. మొదటి నెల సీసా కదిలితే కన్నీళ్లు వచ్చేవి. ఇంట్లో నీళ్లు వడగట్టడం మొదలుపెడితే ఊరికి నవ్వులాట అయింది. మల్లప్ప మామకు కోపమే వచ్చింది. "గంగమ్మకే జల్లెడ పడతావా? మా తాతలు ఈ నీళ్లు తాగే బతికినారు."

"కుంటుకుంటా బతికినారు మామా" అన్నాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మళ్లీ శివరాత్రి వచ్చింది. ఊర్లో ఏడుగురికి నారి తేలింది. వాళ్లలో నేను పోసింది ఎంతమందికో ఆ దేవుడికి తెలియాలి. శివరాత్రి మర్నాడు పొద్దున నేను అందరికంటే ముందు పోయి దిగుడుబావి రెండో మెట్టు మీద కాళ్లు బారజాపి అడ్డంగా కూర్చున్నాను. గుంపు వచ్చింది. ముందు మల్లప్ప మామ.

"దోవ ఇడ్సు కోడలా."

"ఇడ్సను. కాళ్లతో ఎవురూ బాయిలోకి దిగొద్దు."

"ఏమప్పా ఓబులేసూ! పెండ్లాన్ని లేపుతావా, నన్ను లేపమంటావా?"

మా ఆయన గుంపు వెనకనుంచి ముందుకొచ్చాడు. లాక్కుపోతాడేమో అనుకుని మెట్టు అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మల్లప్ప మామ పిక్క వైపు చూసి, "మామా, ఆ గుడ్డ ఎందుకు కట్టుకున్నావు?" అని అడిగాడు.

మామ ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. గుడ్డలో చీపురుపుల్ల కొస కనబడుతూనే ఉంది.

నేను చీర కుచ్చెళ్లు పైకి లాగి నా కాలు చూపించాను. చీలమండ నుంచి పిక్క దాకా కోతల మచ్చలు. "ఇది నేను చేసుకున్నా. పోయినేడు ఈడ నిలబడి మీకూ పోసినా. నన్ను తిట్టండి, పడతా. మళ్లా పోయనియ్యను. కాళ్లకు చన్నీళ్లు కావల్లంటే గట్టు మీద నిలబడండి. నేను తెచ్చి పోస్తా."

"కుంటికాలుతోనా?" అని ఎవరో నవ్వారు.

"కుంటికాలుతోనే."

మా బావికి ముప్పై రెండు మెట్లు. నీటి అంచునున్న మెట్టు మీదినుంచే వంగి కుండ ముంచి, చంకన పెట్టుకుని, వంగని పాదాన్ని అడ్డంగా వేసుకుంటూ ఎక్కాను. గట్టు మీద ఒక్కొక్కరి కాళ్ల మీద పోశాను. పద్నాలుగు మంది. మొదటి రోజు ఆరో కుండకు కూలబడ్డాను. మిగతావి మా ఆయన మోశాడు. నాలుగో రోజుకు పది మోశాను. పున్నమి దగ్గర పడేసరికి పద్నాలుగూ నేనే. డాక్టరు చెప్పిన మైలు ఆ మెట్ల మీదే ఎప్పుడో దాటిపోయింది. యాంకిల్ వంగలేదు, ఇప్పటికీ వంగదు. తుంటి, మోకాలు దాని పని కూడా నేర్చుకున్నాయి.

మల్లప్ప మామ ఆ ఏడు నడవలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి. బయలుదేరే ముందు రోజు ఆయన నారి చుట్టడానికి నేనే కూర్చున్నాను. "లాగేయ్ మే, పోయేది పోతాది" అన్నాడు. అచ్చం నిరుడు నాకు పుట్టిన తొందరే. వేలెడు తిప్పి గుడ్డ కట్టేశాను. ఆయన మూలనున్న తన వెదురుకర్ర తీసి నా ముందు పడేశాడు.

"దానికి దోవ తెలుసు. తీసకపో."

పద్నాలుగు రోజులు నడిచాను, గుంపులో అందరికంటే వెనక. దోవలో ఎన్ని దిగుడుబావులు! ప్రతి బావి దగ్గరా నోరు పారేసుకుని, ఎవరినీ కాలు పెట్టనివ్వకుండా, ఎర్రదారం పైకి పెట్టి అందరి చెంబులూ వడగట్టాను. నడిచేవాళ్లం ఇన్నేళ్లూ పుణ్యంతో పాటు ఇంకేం పంచుతూ పోయామో తలుచుకుంటే సిగ్గేసింది. భీముని కొలను దాటాక కొండ మీదికి పోయే రాతిమెట్లు ఎక్కుతుంటే జనం "శివా, శివా" అంటున్నారు. నేను మా బావి మెట్లు లెక్కపెట్టుకున్నాను. ముప్పై రెండు, మళ్లీ ముప్పై రెండు.

తిరిగొచ్చాక అనంతపురం ఆసుపత్రికి పోయాను. డాక్టరు గుర్తుపట్టలేదు. "ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు సార్. శ్రీశైలం నడిచి పోయొచ్చినా. చూపిద్దామని."

ఆయన కాలు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాలు చూశాడు. "ఎలా నడిచావు?" అన్నాడు.

"వెనకబడి సార్."

ఇప్పుడు నాకు నలభై ఏళ్లు. చలికాలంలో చీలమండ సలుపుతుంది, కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. తర్వాత ఇంకో మూడుసార్లు నడిచాను. పోట్లాడీ పోట్లాడీ బావి మెట్లకు అడ్డంగా గోడ కట్టించాం, గిలక పెట్టించాం. ఆ గోడకు మొదటి రాయి పెట్టింది మల్లప్ప మామే. ఆయన పోయాడు, కర్ర నా దగ్గరే ఉంది. మా ఊర్లో నారి కనబడి నాలుగేళ్లయింది. అయినా నేను వడగట్టడం మానలేదు.

మీ ఊర్లో ఇంకా దిగుడుబావి నీళ్లే తాగుతుంటే నా మాట వినండి. రెండు మడతల గుడ్డ తీసుకుని ఒక పక్క అంచుకు ఎర్రదారంతో కుట్లు వేయండి. ఆ పక్క ఎప్పుడూ పైకే ఉండాలి. నారి వచ్చినవాళ్లు నీళ్లలో దిగకండి, ఎంత తొందరున్నా దాన్ని లాగకండి. ఈ రెండింటి దగ్గర తల వంచండి. మిగతా విషయాల్లో ఎవరు ఏం కుదరదన్నా, ఒకసారి నడిచి చూడండి.