తోట పెరికిన జుంబెర్

ముఖిస్ఖేవి ఊళ్ళో జుంబెర్ దున్నిన చాలు చూస్తే దారం పట్టుకుని గీశాడేమో అనిపించేది. ఊరి సామూహిక క్షేత్రానికి ట్రాక్టర్లు ఆరు, నడిపేవాళ్ళు ఆరుగురు. అయినా బీడు విడగొట్టాలన్నా, లోతు దుక్కి వేయాలన్నా ఛైర్మన్ ఒతార్ నోట ముందు వచ్చేది అతని పేరే. పదిహేడో ఏట ఇనప పట్టాల ట్రాక్టరెక్కాడు. నలభై నిండేసరికి ఇంజను మోతకి ఎడమ చెవి ముప్పాతిక పోయింది. అతనికి ఏదైనా చెప్పాలంటే కుడి పక్కకి వచ్చి చెప్పాలి. ఆ సంగతి తెలియనివాళ్ళు అతన్ని పొగరుబోతు అనుకునేవారు.

ద్రాక్ష సంగతి మాత్రం అతనికి ఏమీ తెలియదు. ద్రాక్షతోటలకి పేరుపడ్డ కఖేతి లోయలో పుట్టినవాడు ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడాలి, అతనూ పడేవాడు. ఇంటి ముందు పందిరి కత్తిరించేది భార్య మక్వాలా. నేలలో మెడదాకా పాతిన బానలో వైన్ పెట్టేది మామగారు. జుంబెర్ తాగేవాడు, బావుందనేవాడు, అంతే.

1986లో ఇంకా చలి తగ్గకముందే ఊరికి ఆ ఉత్తర్వు వచ్చింది. దేశం తాగుడు మానాలని మాస్కోలో అనుకున్నారు. వైన్ తోటలు తగ్గించాలని జిల్లాకి చెప్పారు. జిల్లా ఊళ్ళకి పంచితే ముఖిస్ఖేవి వంతుకి పదకొండు హెక్టార్లు పడింది. ఊరి నుంచి వెళ్ళిన కాగితంలో మూడో బ్రిగేడ్ తోట, అంటే మూడో పనిజట్టు తోట, అని రాసి ఉంది.

మూడో బ్రిగేడ్ తోటంటే లమారా తోట. కాగితాల మీద క్షేత్రానిదే అయినా ఊరు ఊరంతా అలాగే అనేది. ఆమె ఇరవయ్యేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తోటి ఆడపిల్లలతో గుంతలు తవ్వి నాటిన ర్కత్సితేలి తీగలవి. కాడ ఎర్రగా, పండు పచ్చటి బంగారంలా ఉండే రకం. ఆ లోయలో తెల్ల వైన్ అంటే ఎవరికైనా అదే. ముప్పై రెండేళ్ళుగా బ్రిగేడ్ పెద్దగా ఆ తోటని ఆమే చూసుకుంది. ఏ వరసలో ఎన్నో తీగ ఏ ఏడు జబ్బుపడిందో తడుముకోకుండా చెప్పేది.

ఒతార్ జుంబెర్ ని ఆఫీసుకి పిలిపించాడు.

"మిగతా అయిదుగుర్నీ అడిగానయ్యా" అన్నాడు కుడి పక్కన కుర్చీ లాక్కుని. "గోగీకి నడుం పట్టేసిందట. వాలికో వాళ్ళ అత్త పోయిందట. నాకు తెలిసి ఆవిడ పోవడం ఇది మూడోసారి. ఇంకొకడు ఏకంగా ఆస్పత్రిలోనే చేరాడు. నువ్వేమంటావు?"

జుంబెర్ కి సాకులు చెప్పడం రాదు. "నేను కాదంటే?"

"పక్క ఊరి నుంచి ఎవణ్ణో తోలుతారు. వాడు తోటతో పాటు గట్టు అవతలి గోధుమ చేను కూడా తొక్కి పోతాడు."

జుంబెర్ సరేనన్నాడు. ఇంటికొచ్చి చెబితే మక్వాలా చేతిలో పిండి అలాగే ఉంచుకుని నిలబడిపోయింది.

"నీకు మాత్రం అత్త లేదా? చంపేసి రాకపోయావా?"

"మీ అమ్మనా?"

"అవును, మా అమ్మనే! ఇలాంటి పనికైతే ఆవిడే నవ్వుతూ ఒప్పుకునేది."

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పొద్దున అతనికి రొట్టె, జున్ను మూట కట్టిచ్చింది గానీ గుమ్మం దాకా రాలేదు.

తోటలో అప్పటికే బ్రిగేడ్ ఆడవాళ్ళు ఇనప తీగెలు విప్పి, స్తంభాలు పీకి గట్టున పేర్చారు. ఎవరూ తల ఎత్తలేదు. జుంబెర్ పెద్ద మడక తగిలించుకుని మొదటి వరస దగ్గరికి వచ్చేసరికి లమారా ఎదురుగా నిలబడి ఉంది. తలకి నల్ల గుడ్డ, కాళ్ళకి రబ్బరు బూట్లు. అడ్డం పడుకుంటుందేమో అనుకుని ఇంజను ఆపేశాడు. ఆమె ట్రాక్టరు చుట్టూ తిరిగి అతని కుడి పక్కకి వచ్చింది.

"మడక ఎంత లోతు పెట్టావు?"

చెప్పాడు.

"చాలదు. ఇంకో జానెడు దించు. సగం వేరు మిగిలిపోతే వేసవంతా చిగురేస్తూ మాడుతూ ఉంటుంది. చంపేవాడివి సరిగ్గా చంపు."

జుంబెర్ దిగి మడక దించాడు. మర బిగించి మళ్ళీ ఎక్కాడు. ఆమె గట్టు దిగి వెళ్ళిపోయింది. పని నాలుగు రోజులు పట్టింది. ఎప్పటిలాగే అతని చాళ్ళు వంకర లేకుండా వచ్చాయి. చిన్నప్పటి నుంచీ మెప్పు తెచ్చిపెట్టిన ఆ నేర్పు మీద అతనికి మొదటిసారి అసహ్యం వేసింది.

ఊరు అతన్ని తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేదేమో. పెళ్ళికి పిలిచేవారు, బల్ల దగ్గర చోటిచ్చేవారు, మాంసం వడ్డించేవారు. విందు పెద్ద లేచి ఒక్కొక్కరి పేరూ ఎత్తి దీవిస్తూ గ్లాసు ఎత్తుతూ వచ్చి, సరిగ్గా జుంబెర్ దగ్గర మాట మింగి పక్కవాడి పేరు అందుకునేవాడు. వాళ్ళ తాతల కాలంలో తోటల్ని తినేసిన పురుగు ఒకటుండేది. ఆ పేరే అతనికి తగిలించారు, వేరుపురుగు అని. వేరుపురుగు ఇంటి పక్క సందు, వేరుపురుగు కూతురు ఖతునా. బడిలో ఆ పేరు విని వచ్చిన రోజు ఖతునా తండ్రితో ఏమీ అనలేదు. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. పెరట్లో పనిచేసుకుంటున్న జుంబెర్ కి చెవి వినపడకపోయినా కిటికీలోంచి కనపడింది.

లమారా అయితే అతనితో మాటే మానేసింది. సందులో ఎదురుపడితే గోడ వైపు తిరిగేది.

పెరికిన చోట తినే రకం ద్రాక్ష నాటమన్నారు. నాటారు. అది ఆ మట్టికి నచ్చలేదు. రెండేళ్ళలో ఎండిపోయింది. తర్వాత ముళ్ళ పొదలు లేచాయి, గొర్రెలు మేశాయి. ఆపైన దేశమే విడిపోయింది. కరెంటు పోయింది, డీజిలు పోయింది. ట్రాక్టరు పట్టాల కింద గడ్డి మొలిచింది. క్షేత్రాన్ని ముక్కలు చేసి ఇంటింటికీ పంచారు. టోపీలోంచి చీటీ తీస్తే జుంబెర్ కి మూడో బ్రిగేడ్ తోటలో, నడి మధ్యన ముక్క వచ్చింది.

చీటీ చదివిన గోగీ పగలబడి నవ్వాడు. "వేరుపురుగు పుట్టింటికే చేరిందర్రోయ్!"

అందరూ నవ్వారు. ఏమి చేయాలో తోచక జుంబెర్ కూడా నవ్వాడు.

ఒక ఏడు మొక్కజొన్న వేశాడు. పండలేదు. ఆ నేల ఏం అడుగుతోందో ద్రాక్ష తెలియని అతనికి కూడా తెలుసు. మక్వాలాకి పెరటి పందిరి తెలుసు గానీ తోట వేయడం తెలియదు. మామగారు అప్పటికి పోయారు. వారం రోజులు ఆలోచించి, గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని లమారా ఇంటికి వెళ్ళాడు. ఆమె వాకిట్లో ఎండుకొమ్మలు కట్టలు కడుతోంది. అరవై దాటింది, మోకాళ్ళు అరిగాయి.

"లమారక్కా, తోట వేద్దామనుకుంటున్నాను. నాకు రాదు. నేర్పిస్తావా?"

ఆమె చేతిలోని కట్ట బిగించి ముడేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత అతనితో మొదటి మాట అంది.

"ఎక్కడ వేస్తావు?"

"అక్కడే."

"నా కాళ్ళు అంత దూరం రావు."

"బండి కట్టుకొస్తాను."

"గాడిదనా, గుర్రాన్నా?"

"గాడిద."

"హమ్మయ్య. ఒక గాడిదకి ఇంకో గాడిద తోడుంటుందిలే" అని లోపలికి వెళ్ళింది. అది అవునో కాదో అర్థం కాక జుంబెర్ వాకిట్లోనే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె కోటు వేసుకుని బయటికొచ్చింది.

ఆ చలికాలం ఆమె ఒక చెక్కపెట్టె బోర్లించుకుని గట్టు మీద కూచునేది, అతను గుంతలు తవ్వేవాడు. చాళ్ళు తిన్నగా గీసే మనిషి గుంతలు కూడా తిన్నగానే తవ్వాడు, అందుకు ఆమె మెచ్చుకోలేదు. పెరట్లో తన పందిరి నుంచి కొమ్మలు కోసి ఇచ్చింది. వేరుపురుగుని తట్టుకునే రకం మొదలు మీద అంటు ఎలా కట్టాలో చూపించింది. మూడు వందల అంటుల్లో నూట తొంభై బతికాయి. మిగతావాటికి మరుసటి ఏడాది మళ్ళీ కట్టారు.

"ఒరేయ్, కత్తి అలా పట్టుకుంటే రొట్టె కోసినట్టుంటుంది. ఇటు తిప్పు."

"ఇలాగా?"

"ఇప్పుడు జున్ను కోసినట్టుంది. సరే, కాస్త నయమే."

మూడో చలికాలం, తీగలు మొదటిసారి కాపుకి కత్తిరించాలి. ఏ కొమ్మ ఉంచాలో, దాని మీద ఎన్ని చిగురు కళ్ళు వదలాలో ఆమె పెట్టె మీద నుంచి కర్రతో చూపిస్తోంది. పని మధ్యలో జుంబెర్ కత్తెర ఆపి, ఇన్నాళ్ళూ కూడదీసుకున్న మాట అనబోయాడు.

"అక్కా, ఆ రోజు నేను..."

"నాకు చెప్పకు." ఆమె కర్ర దించింది. లేచి కుడి పక్కకి వచ్చి నిలబడింది. "ముందు నేను చెప్పేది విను. అప్పుడు ఒతార్ నన్ను పిలిపించాడు. నీ కంటే ముందు. రెండో బ్రిగేడ్ తోటా, మీదా, ఏదో ఒకటి రాయాలి, నీకంటే ద్రాక్ష తెలిసినవాళ్ళు లేరు, నువ్వే చెప్పమన్నాడు. రెండోది కొండవాలు. మంచు నిలవదు, పండు తియ్యన. మాది పల్లం. నిజం చెప్పాలి కదా. మాదే రాయమన్నాను."

ఆమె కర్ర మొన మట్టిలో గుచ్చింది.

"ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఒతార్ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. వాళ్ళు నిన్ను ఆ పేరు పెట్టి పిలుస్తుంటే వింటూ ఊరుకున్నాను. నీ మొహం చూడలేక గోడ చూసేదాన్ని. నువ్వేమో నా కోపమనుకున్నావు."

జుంబెర్ కత్తెర మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆమెని బండెక్కించాడు, ఇంటి దగ్గర దించాడు, దిగడానికి చెయ్యి కూడా ఇచ్చాడు. మళ్ళీ వారం రోజులు ఆ వైపు పోలేదు. ఇంట్లో మంచం మీద కూచుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఉండేవాడు. మక్వాలా అడిగితే అంతా చెప్పాడు. ఆమె కోపంతో ఊగిపోయింది.

"పన్నెండేళ్ళు! నా పిల్ల ఏడ్చిన ఏడుపుకి ఎవరు జవాబు చెబుతారు? ఇప్పుడే వెళ్ళి బావి దగ్గర నలుగురిలో అడుగుతాను."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"అడిగితే ఏం వస్తుంది? నా పేరు తీసి ఆవిడకి పెడతారు. తోట పెరికింది మాత్రం నేనే కదా. మడక దించింది నేనే."

మక్వాలా వెళ్ళలేదు. కానీ చాలా కాలం లమారాకి తన చేత్తో కాఫీ ఇవ్వలేదు.

ఎనిమిదో రోజు ఎండ కాసింది. కత్తిరింపు ఇంకా ఆలస్యమైతే కోసిన చోటల్లా నీరు కారి తీగ నీరసిస్తుందని అప్పటికి అతనికి తెలుసు. గాడిదని కట్టి లమారా ఇంటికి వెళ్ళాడు. ఆమె కోటు వేసుకుని అరుగు మీదే కూచుని ఉంది. ఎన్ని రోజులుగా అలా కూచుంటోందో అతను అడగలేదు.

"ఎక్కు" అన్నాడు.

 తోటలో మూడు వరసలు అయ్యాక ఆమె అంది, "ఆ కొమ్మ కాదు. దాని పక్కది." అతను పక్కది కోశాడు.

ఆ శరదృతువులో పద్నాలుగు బుట్టల పండు వచ్చింది. దుంగ తొలిచిన తొట్టిలో ఖతునా, మక్వాలా పాదాలతో తొక్కారు. రసం, తొక్కు, కాడలు అన్నీ బానలోకి పోసి, మూత చుట్టూ మట్టి మెత్తారు. వసంతంలో తీస్తే వైన్ ముదురు తేనె రంగులో ఉంది. మొదటి గ్లాసు అతను లమారాకి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క నోట్లో తిప్పింది.

"గొంతులో పీచులా పట్టుకుంటోంది. తొక్కు ఇంకో నెల ముందు తీయాల్సింది" అంది. గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ ముందుకు చాపింది. "ఇంకాస్త పొయ్యి, చూస్తావేం?"

రెండో బ్రిగేడ్ కొండవాలు తోట ఇప్పటికీ ఉంది. నలుగురైదుగురు మనుషులు దాన్ని చూసుకుంటున్నారు, ఆ ఊళ్ళో మంచి పండు దానిదే. లమారా ఎనభై రెండో ఏట పోయింది. ఆమె చెప్పిన సంగతి జుంబెర్ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. మక్వాలా ఒకసారి చర్చిలో ఆమె పేరున కొవ్వొత్తి వెలిగించింది, ఎందుకని జుంబెర్ అడగలేదు.

అతనికిప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. కుడి చెవి కూడా మందగించింది. పండులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీకి అమ్ముతాడు, ఒక్క బానకి సరిపడా ఉంచుకుంటాడు. ఫిబ్రవరిలో ఎండ రాగానే కత్తెర పట్టుకుని బయల్దేరితే మక్వాలా గుమ్మం దాకా వచ్చి, అతని చెవిలో అరిచినట్టు చెబుతుంది.

"మఫ్లర్ చుట్టుకో! మధ్యాన్నానికి రా, బీన్స్ వండుతున్నా!"

"ఆఖరి రెండు వరసలు చూసుకుని వస్తాలే" అంటాడు. అని సాయంత్రం దాకా రాడు.