ఎర్ర పిల్లల మీద వేసిన గాలం

మా ముత్తాత రంగారావు, తాత మాధవరావు ఎల్లారెడ్డి దగ్గర తొమ్మిది ఊళ్లకు దేశ్‌ముఖ్‌లు. తాత సరదాకే గాలం వేసేవారు. పట్టిన చేపను తిరిగి నీళ్లలో వదిలేవారు. నేనూ ఆ మర్యాద తప్పలేదు.

రెండేళ్ల కిందట వానాకాలంలో, హైదరాబాదులోని మా గాలం క్లబ్బు మిత్రులు నలుగురిని మా ఊరి చెరువుకు తీసుకెళ్లాను. ఒడ్డు దగ్గర నీటిపైన కొర్రమట్ట చేప పిల్లలు ఎర్రగా గుంపు కట్టి ఉన్నాయి. వాటి కింద తల్లి కాపలా ఉంటుందని, ఎర పడితే మీదికి దూకుతుందని నాకు తెలుసు. అక్కడే గాలం వేశాను.

"దొరా, పిల్లల తల్లి గది, ముట్టకు!" అని తెప్ప మీంచి అరిచాడు, ఆ చెరువులో వలలు వేసుకునే పోశయ్య.

"చంపుతానా పోశయ్యా? వదిలేస్తాను" అన్నాను.

చేప పడింది. మిత్రులు ఒక్కొక్కరూ దాన్ని ఎత్తి పట్టుకొని ఫోటోలు దిగారు. నేను మా వంశ మర్యాద గురించి చెబుతూనే ఉన్నాను. ఈలోగా నీటికాకులు ఆ పిల్లల గుంపు మీద పడ్డాయి. చేపను వదిలేసరికి ఒక్క పిల్ల మిగల్లేదు. తల్లి చాలాసేపు అక్కడక్కడే తిరిగింది.

"ఇడిచినవ్ గద దొరా, సంబురమేనా?" అన్నాడు పోశయ్య. "మేం కూరకు పడతం గని, ఆటకు గిట్ల సంసారం ముంచం."

నలుగురి ముందు నన్ను అంత మాట అంతకుముందు ఎవరూ అనలేదు. చేపను వదలడమే దయ అనుకుంటూ ఇన్నేళ్లు గర్వపడ్డాను. అక్కడ గాలం వేయకుండా ఉండటమే దయ.

మరుసటి వారం నా గాలపు కర్రలు మూడూ కామారెడ్డిలో అమ్మేశాను.